శూల చూసి తోలిన కారు

మా నాయన మనిషి మాట నమ్మడు, కాటా మాట నమ్ముతాడు. కోయిలకుంట్ల బజారులో మాది కిరాణా అంగడి. పొద్దున షట్టరు ఎత్తగానే, దేవుడి పటానికి ఊదొత్తి వెలిగించే ముందు, తక్కెడ ముల్లు నడిమధ్యన నిలిచిందో లేదో చూసుకునే మనిషి ఆయన. బెల్లం తెచ్చినవాడు అది అమృతమని చెప్పినా ఊ కొడతాడు, తూస్తాడు, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. అలాంటాయనకు ఒక్కగానొక్క కొడుకుగా పుట్టి, నేను మాత్రం పాతికేళ్లు మాటలతోనే నెట్టుకొచ్చాను. డిగ్రీ పాసవుతానన్నాను. బెంగుళూరులో ఉద్యోగం ఖాయమన్నాను. చివరికి అంగట్లో బుద్ధిగా కూర్చుంటానన్నాను. కూర్చున్నాను కూడా. కూర్చుని, పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత కాగితాల్లోంచి కార్ల పత్రికలు ఏరుకుని చదివాను.

అందుకే నా కార్ల చదువు ముక్కలు ముక్కలుగా సాగింది. ఇంజనులోకి గాలి ఎక్కువ పోతే బలం పెరుగుతుందని ఒక పేజీలో ఉంటుంది. ఎంత పెరుగుతుందో చెప్పే పేజీలో అప్పటికే ఎవరో శనగపప్పు కట్టించుకుని పోయి ఉంటారు. దొరకని పేజీలన్నీ నా ఊహతో నింపుకున్నాను. ఆ ఊహల్లో ఎప్పుడూ మంచి జరిగేది.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది అప్పటికి. ఊళ్లో కార్లు పెరుగుతున్నాయి. మేమూ నంద్యాలలో ఒక డాక్టరు గారి దగ్గర పాత చిన్న కారు కొన్నాం. సరుకుల కోసం నాలుగూళ్లు తిరగడానికి, అమ్మను అప్పుడప్పుడూ అహోబిలం తీసుకెళ్లడానికి అని నాయన ఉద్దేశం. నేను మాత్రం ఆ కారుకు స్టీరింగు పట్టిన మొదటి రోజే నా బతుకు అంగట్లో కాదని తేల్చుకున్నాను. కార్లకు వేగం పెంచే షాపు పెట్టాలి. గోడౌను ముందు గది ఖాళీగా ఉంది. దానికి రంగులు వేయించి, బోర్డు రాయించి, నలుగురు కుర్రాళ్లు చుట్టూ చేరి నన్ను అన్నా అని పిలుస్తుంటే బోనెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడాలి. నిజం చెప్పాలంటే ఈ చివరి దృశ్యం మీదే నాకు ఎక్కువ ఆశ.

ఒక మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసి నాయన ముందు ఈ మాట ఎత్తాను.

"కార్లకు స్పీడు పెంచేదంటే, ఏమమ్ముతావురా నువ్వు?" అన్నాడు.

"వేగం నాయనా."

"అది యాడ పెట్టి తూస్తావు?"

ఆయన మళ్లీ తలకాయ వంచి వక్కలు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. అక్కడితో నా షాపు పుట్టకముందే మూతపడి ఉండేది, మా బావ రాకపోయి ఉంటే.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే ఏడాది పెద్ద, ఇంజనీరింగు చదివి బెంగుళూరులో కంప్యూటర్ల మీద కూర్చునేవాడు. చదివింది కంప్యూటర్లయినా ఇంజనీరు కదా అని ఊళ్లో మోటారు పంపు చెడిపోయినా అతన్నే అడిగేవాళ్లు, అతనూ కాదనేవాడు కాదు. నా బాధ ఫోనులో విన్నాడు. తర్వాతి సెలవుల్లో వస్తూ ఆఫీసులో ఎవరినో బతిమాలి ఒక నల్లడబ్బా తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. వెనకాల రబ్బరు గిన్నె. ముందద్దానికి నొక్కితే బల్లిలా అతుక్కుంటుంది. కారు కదిలిన క్షణం నుంచి అదే లెక్క మొదలుపెడుతుంది, గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోగానే కీచుమని అరిచి, ఎన్ని సెకన్లు పట్టిందో చూపిస్తుంది. వైరు లేదు, ఇంజనుతో సంబంధం లేదు.

దాన్ని తీసుకెళ్లి నాయన ముందు, కాటా పక్కనే పెట్టాను. "ఇదిగో నాయనా, వేగం తూచే కాటా."

నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఆయన ముఖంలో నా మీద ఎన్నడూ చూడని గౌరవం ఆ డబ్బా మీద కనిపించింది.

"సరే. ఇప్పుడు తూచు. నువ్వు బిగిచ్చేటివన్నీ బిగిచ్చినాంక మళ్లీ తూచు. తేడా వచ్చిందా, గోడౌను ముందర గది నీది, నేను అడ్డం రాను. రాలేదా, నోరు మూసుకోని అంగట్లో కూచోవల్ల. ఇంగ జన్మలో కారు మాట ఎత్తగూడదు. సరేనా?"

సరేనన్నాను. సాక్షిగా బావ నవ్వుతూ నిలబడ్డాడు.

మర్నాడు గురువారం. పొద్దున్నే బయల్దేరుతుంటే అమ్మ గడప దగ్గర ఆపింది.

"యాడికి పోతాండారు ఇద్దరూ?"

చెప్పాం. పరీక్ష అనేసరికి అమ్మ క్యాలెండరు దగ్గరికి నడిచింది. మా అమ్మకు రాహుకాలం, వర్జ్యం అన్నీ ఒక ఎత్తు, వారశూల ఒక్కటీ ఒక ఎత్తు. ఏ వారం ఏ దిక్కుకు పోకూడదో ఆమెకు నోటికి వచ్చు. సోమ, శనివారాలు తూర్పు. మంగళ, బుధవారాలు ఉత్తరం. గురువారం దక్షిణం. శుక్ర, ఆదివారాలు పడమర. ఆ రోజు ఆ దిక్కున శూలం పొడుచుకుని ఉంటుంది, ఎదురుపోతే పని చెడుతుంది. క్యాలెండరు కేవలం మమ్మల్ని నమ్మించడానికి.

"ఈ పొద్దు దక్షిణం శూల. పరీచ్చ ఏందో ఉత్తరం మొకంగా చేసుకోండి."

నేను ఎంచిన రోడ్డు ఉత్తర దక్షిణాలుగానే ఉంది. ఊరి నుంచి పడమరకు కాస్త దూరం వెళ్తే అడ్డంగా తగులుతుంది. కుడికి తిరిగితే ఉత్తరం, ఎడమకు తిరిగితే దక్షిణం. రెండు పక్కలా నల్లరేగడి చేలు, చూపు ఆనినంత దూరం మలుపు లేదు, గుట్ట లేదు. ఇంత చదునైన రోడ్డు జిల్లాలో మరొకటి లేదని నేనే నిర్ధారించాను. కళ్లతో చూసి.

కూడలిలో కుడికి తిరిగాం. బావ డబ్బాను అద్దానికి నొక్కి, కారు నిలకడగా ఉండగా దాని సున్నా సరిచేశాడు. ఇంగ్లీషులో ఉన్న చిన్న పుస్తకం ఒకటి దానితో వచ్చింది, అది ఒళ్లో పెట్టుకుని చదువుతున్నాడు.

"ఒకే రోడ్డు మీద పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తూచి, రెండూ కలిపి సగం తీసుకోమన్నారప్పా ఈడ."

"వచ్చేటప్పుడంటే దక్షిణం మొగం కదా. శూల."

బావ ఆలోచించాడు. ఇంజనీరింగు చదివిన మనిషి ఒకవైపు, మా మేనత్త కొడుకు ఒకవైపు అతని ముఖంలో కాసేపు పెనుగులాడారు. మేనత్త కొడుకే గెలిచాడు. "అవునప్పా. ఈ పుస్తకం రాసినోళ్లకు మన శూల సంగతి ఏం తెలుసు? అయినా రోడ్డు చదునుగా ఉన్నాక ఎటు పోతే ఏముండాది?" అని పుస్తకం మూశాడు.

అంత తెలివైన మాట నేను అంతకుముందు వినలేదు.

ఆ రోజు కారు మూలుగుతూ, ఆయాసపడుతూ ఎట్టకేలకు వంద అందుకుంది. డబ్బా కీచుమంది. అంకె చాలా పెద్దగా వచ్చింది. ఆ మధ్యలో ఒక పాట పూర్తిగా వినవచ్చునని బావ అన్నాడు. నాకు సంతోషమైంది. కారు ఇప్పుడెంత అధ్వానంగా ఉంటే తర్వాత నా పేరు అంత పైకి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు శూలకు కోపం రాకుండా, తిరుగు ప్రయాణమే సుమా అన్నట్టు ఎద్దులబండి నడకతో వచ్చాం.

ఆ తర్వాత నెలరోజులు నేను ఆ కారుకు చేసిన అలంకారం మా ఊళ్లో పెళ్లికూతురికి కూడా చేయరు. గాలి వడపోతకు శంఖం ఆకారంలో ఎర్రటి ఫిల్టరు. సైలెన్సరుకు చెయ్యి దూరేంత వెడల్పు మూతి. లావు టైర్లు. వెనకాల డిక్కీ మీద రెక్క. బరువు తగ్గాలని వెనక సీటు పీకేశాను. అమ్మ అహోబిలం వెళ్లినప్పుడు వేరుశనగ గోతాము మడిచి వేసుకుని, పైకప్పు పట్టుకుని కూర్చుంది. ఒక్కమాట అనలేదు. దేవుడికి మాత్రం ఏదో చెప్పుకుని ఉంటుంది.

లావు టైర్లు కుడికి పూర్తిగా తిప్పినప్పుడల్లా రేకుకు రాసుకునేవి. సైలెన్సరు చప్పుడు నేను మూడు వీధుల అవతల ఉండగానే ఇంటికి చేరేది. అది విని జనం దారికి రెండు వైపులా నిలబడి చూస్తున్నారని మురిసిపోయాను. ఒకరోజు మాకు పాలు పోసే ఆయన ఆపి మరీ, "సైలెన్సరు ఓటి పడినట్లుండాది నాయనా. బస్టాండు కాడ వెల్డింగు చేస్తారు, అతుకు వేయిచ్చుకోపో" అన్నాడు. ఆయనకు టెక్నాలజీ తెలియదని జాలిపడ్డాను.

బావ మళ్లీ సెలవు పెట్టి వచ్చాడు. అతనికి కుదిరింది బుధవారం. అమ్మ అడక్కుండానే చెప్పింది, ఆ రోజు ఉత్తరం శూల, దక్షిణం మొకంగా చేసుకోండని. కూడలిలో ఎడమకు తిరిగాం. కుడికైతే టైరు రాసుకునేది కూడా, శూల ఇలా కూడా కలిసొచ్చిందని అనుకున్నాను.

ఆ ఉదయం కారు నిజంగా ఎగిరింది. సీటులోకి వీపు అంటుకుపోయింది. పక్కన బావ అరుస్తున్నాడు, సైలెన్సరు అంతకంటే గట్టిగా అరుస్తోంది. డబ్బా కీచుమనేసరికి ఇంత త్వరగానా అనిపించింది. అంకె చూసుకున్నాం. పోయినసారి కంటే ఐదు సెకన్లు తక్కువ. కారు ఆపి దిగి, రోడ్డు మీద ఒకరినొకరు కౌగిలించుకున్నాం. ఇద్దరు పాతికేళ్లు దాటిన మగవాళ్లు పొద్దున్నే రోడ్డు మధ్య ఎందుకు కౌగిలించుకున్నారో పొలంలో కలుపు తీస్తున్నవాళ్లకు అర్థమై ఉండదు.

నాయనకు డబ్బా చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని అంకె చూశాడు. మొదటిసారి వచ్చిన అంకె ఆయనకు గుర్తుంది. మనసులో తీసివేత చేసుకున్నాడు. మొలతాడుకు వేలాడే తాళాల గుత్తిలోంచి గోడౌను తాళం ఊడదీసి నా చేతిలో పెట్టాడు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. అది ఆయన మొదటిసారి నన్ను నమ్మడం. నన్ను కాదు, డబ్బాను నమ్మాడు. అయినా అప్పుడు నాకు ఆ తేడా కనిపించలేదు.

షాపు తెరిచాం. టెంకాయ కొట్టాం, నిమ్మకాయలు తొక్కించాం. బోర్డు మీద పెయింటరు గీసిన కారు మూతి ఆవు మూతిలా వచ్చింది గానీ కింద మంటలు బాగా గీశాడు. ఐదు సెకన్ల సంగతి నేను ఎవరికి చెప్పానో లెక్కలేదు. మంగలి షాపులో చెప్పాను, బ్యాంకు క్యూలో చెప్పాను, ఒక చావు ఇంట్లో కూడా మెల్లగా చెప్పాను. కుర్రాళ్లు వచ్చి చూసి, అన్నా అని పిలిచి, గాలి కొట్టించుకుని పోయేవాళ్లు. బేరం మాత్రం రాలేదు.

చివరికి వచ్చాడు ఒకాయన. వేంపల్లె దగ్గర పెద్ద రైతు కుటుంబం, రోడ్ల కాంట్రాక్టులు చేసేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నా ఐదు సెకన్ల కథ బంధువుల పెళ్లిలో ఎవరో చెప్పారట. కొత్తగా కొన్న పెద్ద తెల్లబండి వేసుకుని నేరుగా వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు. చొక్కా నలగలేదు, మాట పెరగలేదు. ఆయన మెచ్చుకుంటే ఆయన వెనక ఊళ్లన్నీ వస్తాయి. ఆయన కాదంటే బోర్డు మీద ఆవు మూతి కారు తప్ప నాకు మిగిలేది లేదు. ఈ సంగతి నాకూ తెలుసు, నాయనకూ తెలుసు. ఆ రోజు నాయన అంగడి వదిలి వచ్చి స్వయంగా ఆయనకు సోడా ఇప్పించాడు.

"ముందు తూచి, తర్వాత తూచి చూపిచ్చాలంట గదా నువ్వు?" అన్నాడాయన.

"అదే అన్నా మా పద్ధతి," అన్నాను. పద్ధతి అనే మాట నోటికి ఎంత హాయిగా ఉందో.

ఆయన వచ్చింది బుధవారం. కాబట్టి దక్షిణం. పెద్దబండి అలవోకగా దూసుకుపోయి మంచి అంకె ఇచ్చింది. వారంపాటు ఆ బండిని నా దగ్గర పెట్టుకుని ఫిల్టరు, సైలెన్సరు, నాకు తెలిసిన విద్యంతా బిగించాను. తర్వాతి గురువారం ఆయన వచ్చాడు. బావ కూడా ఈ ముహూర్తం కోసమే బెంగుళూరు నుంచి దిగాడు. గురువారం కాబట్టి ఉత్తరం.

నేను తోలాను. ఆయన పక్కన, బావ వెనక. ఎక్కడో తేడాగా ఉందని కాలి కిందే తెలిసిపోయింది. పూర్తిగా తొక్కి పట్టినా బండి బద్ధకంగా సాగుతోంది. డబ్బా కీచుమనదే! అది అరిచేసరికి నా చొక్కా తడిసిపోయింది. అంకె చూశాం. వారం కిందటి కంటే బండి బాగా నెమ్మదించింది.

రోడ్డు పక్కన చోటు చూసి బండిని వెనక్కి తిప్పి, ఊరి వైపు ముఖంగా ఆపాను. ముగ్గురం దిగాం. బోనెట్టు ఎత్తడమా, టైర్లు చూడడమా నాకు పాలుపోలేదు. అంతటి కంగారులో హ్యాండు బ్రేకు వేయడం మరిచాను, గేరు కూడా వేయలేదు.

"ఏమప్పా, దుడ్లు తీసుకోని బండిని ముసలిదాన్ని చేస్తివే?" అన్నాడాయన. అప్పటికీ గొంతు పెంచలేదు.

"ఎండకు గాలి పలచబడి ఉంటుందన్నా," అన్నాను.

"పొద్దన ఏడుగంటలకా?"

బావ నన్ను ఆదుకోబోయాడు. "డీజిలు మార్చినారా అన్నా మధ్యలో?" అని మొదలుపెట్టి, ఎక్కడెక్కడి కారణాలో ఏరుతున్నాడు. నేను తల ఊపుతున్నాను. ఆయన మా ఇద్దరినీ వింటున్నవాడల్లా ఉన్నట్టుండి మా భుజాల మీదుగా వెనక్కి చూశాడు.

"బండి యాడికి పోతాండాది?"

తిరిగి చూశాం. ఇంజను ఆపిన బండి, లోపల మనిషి లేని బండి, జిల్లాలోకెల్లా చదునైన రోడ్డు మీద ఊరి వైపు వెళ్లిపోతోంది. మొదట మా నడకంత వేగంతో వెళ్లింది. మేం నోళ్లు తెరిచేలోగా ఇంకాస్త పెంచింది. ముగ్గురం పరుగు లంకించుకున్నాం. కాంట్రాక్టరు లుంగీ ఎగ్గట్టాడు. బావ చెప్పులు వదిలేశాడు. నేను, వేగం అమ్మే మనిషిని, అందరికంటే వెనకబడ్డాను.

ఉలవల కాలం అది. రైతులు కోసిన ఉలవ పంటను చెట్లతో సహా రోడ్డు మీద మందంగా పరిచి, వచ్చేపోయే బస్సులూ లారీలూ తొక్కితే గింజ రాలుతుందని పక్కన కూర్చుంటారు. మా అదృష్టం కొద్దీ కాస్త కిందుగా ఒక ఆడమనిషి అలాగే పరుచుకుని కూర్చుంది. బండి వెళ్లి ఆ ఉలవల్లో దిగబడి, రెండు అడుగులు ఈదులాడి, ఆగిపోయింది. గీత కూడా పడలేదు. మేం రొప్పుతూ చేరేసరికి ఆమె మమ్మల్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇంత మెల్లగ తోలితే గింజెట్ల రాల్తాది నాయనా? ఇంగొకసారి గట్టిగా తోలుకోని రాండి," అంది.

కాంట్రాక్టరు తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. లోపల అద్దానికి అతుక్కుని ఉన్న డబ్బా, బండి కదలగానే తనంతట తాను లెక్క మొదలుపెట్టి, ఇంకా వంద రాలేదని ఓపికగా సెకన్లు లెక్కపెడుతూనే ఉంది. ఆయన దాన్ని చూశాడు. రోడ్డును చూశాడు. నన్ను చూశాడు. అంత నెమ్మదస్తుడూ స్టీరింగు మీద తల ఆనించి, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు.

"ఇది పల్లం గదప్పా! నేను రోడ్లేసే మనిషిని, నేనూ చూసుకోలేదు చూడు. పల్లానికి ఒకతూరి, మిట్టకు ఒకతూరి తోలి, తేడా చూపిస్తాండావా నువ్వు? నీ కారుకూ ఇట్లే తూచినావా?"

నేను బావ వైపు చూశాను. బావ ఉలవల వైపు చూశాడు. ఇద్దరి తలల్లోనూ ఒకేసారి వారాలు తిరుగుతున్నాయి. మా కారు ముందు గురువారం, మిట్టకు. తర్వాత బుధవారం, పల్లానికి. నా ఐదు సెకన్లు, నా ఎర్ర ఫిల్టరు, చెయ్యి దూరే సైలెన్సరు, అమ్మ కూర్చున్న గోతాము. అన్నీ కలిపి ఒక పల్లం. వారశూల అని ఆయనకు చెప్పడానికి కూడా నాకు సిగ్గేసింది. బావ చెప్పేశాడు. కాంట్రాక్టరుకు మళ్లీ నవ్వు మొదలై, ఈసారి ఆపడానికి నీళ్లు తాగాల్సి వచ్చింది. "బిగిచ్చినవన్నీ పీకెయ్యప్పా. పాతవి బిగిచ్చి పంపు," అని మాత్రం అన్నాడు. అంతకంటే తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

ఆయన బండి ఆయనకు యథాప్రకారం చేసిచ్చి పంపి, సాయంత్రం అంగడికి వెళ్లాను. నా కంటే ముందే కబురు వెళ్లింది. నాయన గల్లాపెట్టె వెనక కూర్చుని ఉన్నాడు. పక్కన అమ్మ.

"నా శూల వల్లనే అంటాండారంటగదరా అందరూ?" అంది అమ్మ నన్ను చూడగానే. "శూల చూడకుండా పోయింటే ఆ బండి బోర్లా పడుండేది. ఉలవల్లో ఆగిందంటే ఎందుకాగింది?"

నాయన నవ్వలేదు. "రెండు దిక్కులా తూచలేదా?" అన్నాడు.

"లేదు నాయనా."

"తక్కెడ మీద అనుమానమొస్తే మనమేం చేస్తాము? ఈ తట్టలోది ఆ తట్టలో ఏసి మళ్లీ తూచమా? ఇన్నేండ్లు ఈడ కూచోని ఏం చూసినావురా?"

పత్రికలు చూశాను. ఆ మాట పైకి అనలేదు.

"కారు తీయి," అని లేచాడు నాయన. చీకటి పడకముందే ఆయన షట్టరు దించడం నేను చూడడం అదే మొదలు. "మొదట ఉత్తరానికి గదా తూచినావు. ఇప్పుడూ ఉత్తరానికే తూచు. నేను చూడాల."

వెనక సీటు లేదు కాబట్టి బావ రాలేదు. నిజానికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. ఎండ తగ్గి, చేల మీద వెలుగు పసుపుపచ్చగా పడుతోంది. కూడలిలో కుడికి తిప్పాను, టైరు కర్రుమని రాసుకుంది, నాయన పళ్లు బిగించాడు. డబ్బాను అద్దానికి నొక్కి సున్నా చేశాను. ఒక్క సెకను తగ్గినా చాలు, రెండు సెకన్లయితే గది నాకే ఉంచుతాడు అని లోపల బేరాలాడుకుంటున్నాను. ఆ క్షణాన నాకు కుర్రాళ్లూ గుర్తు లేరు, అన్నా అనే పిలుపూ గుర్తు లేదు. ఆయన నా చేతిలో పెట్టిన తాళం మాత్రం గుర్తుంది. దాన్ని తిరిగి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

తొక్కాను. సైలెన్సరు ఊరంతా వినేలా అరిచింది. కారు మాత్రం ఆ అరుపుకూ తనకూ సంబంధం లేనట్టు మిట్టకు ఈడ్చుకుంటూ వెళ్లింది. నాయన ఒక చేత్తో తలుపు పిడి, ఒక చేత్తో కళ్లద్దాలు పట్టుకున్నాడు. కీచుమంది. ఆపాను.

కారును మార్చకముందు వచ్చిన అంకె కంటే అర సెకను ఎక్కువ. నెలరోజుల నా శ్రమతో నేను ఆ కారును ఇంకాస్త నెమ్మదిగా చేశాను. ఆ లావు టైర్లే అయి ఉంటాయి.

నాయన అంకె చూశాడు. నేను జేబులోంచి తాళం తీసి ఆయన ఒళ్లో పెట్టాను. ఏడుపు ఆపుకోవడానికి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. మగవాడివి ఏడుస్తావేమిరా అంటాడనుకున్నాను, అనలేదు. తాళాన్ని గుత్తిలోకి ఎక్కించుకున్నాడు. కాటా చెప్పింది, అయిపోయింది.

"రేపట్నించి అంగడికి రా," అన్నాడు.

"సరే నాయనా."

కారును వెనక్కి తిప్పాను. ఇక మెల్లగా ఇంటికి పోవడమే. నాయన కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ముందున్న ఖాళీ రోడ్డు వైపు చూశాడు. ముఖంలో ఏదో కొత్తగా ఉంది. జీవితమంతా బస్సులో కిటికీ పక్కన సరుకు మూటలు ఒళ్లో పెట్టుకుని తిరిగిన మనిషి. వంద కిలోమీటర్ల వేగం ఆయన అంతకుముందు ఎరగడని నాకు అప్పుడు తట్టింది.

"ఆ బుధవారం పోయినావే, అట్ల ఒకసారి పోనీ," అన్నాడు.

"ఈ పొద్దు గురువారం నాయనా. దక్షిణం శూల."

నాయన డబ్బా వైపు చెయ్యి చాచి, దాన్ని అద్దం మీది నుంచి పీకి, వెనక ఉన్న అమ్మ గోతాము మీద పడేశాడు.

"మీయమ్మకు చెప్పొద్దు. పోనీ," అన్నాడు.